చంద్రగిరి: మఠం చూడండి, బస మాత్రం తప్తపానిలో

బరంపురం నుంచి ఒడిశాలోని చంద్రగిరికి, అక్కడి బౌద్ధ మఠం చూడ్డానికి వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట. రాత్రి బస అక్కడ పెట్టుకోకండి. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగానే ఉంది గానీ గీజర్ పనిచేయలేదు, అడిగితే పలికే నాథుడు లేడు. గజపతి జిల్లా కొండల చలిలో చన్నీళ్లంటే మాటలా! దారిలో వేడినీటి బుగ్గలున్న తప్తపాని ఉంది, బరంపురానికి సుమారు 50 కిలోమీటర్లు. గంధకం వాసన ఓర్చుకుంటే వేడినీళ్లకి కొదవ లేదు.

చంద్రగిరి దగ్గర జిరంగ్‌లోని బౌద్ధ మఠం, పద్మసంభవ మహావిహారం మాత్రం చూసి తీరాలి. 1959లో టిబెట్ రాజధాని లాసాలో తిరుగుబాటుని చైనా అణిచివేశాక, తమ మతగురువు దలైలామా వెంట మన దేశానికి వచ్చిన టిబెటన్లలో కొందరికి 1963లో ఇక్కడ చోటిచ్చారు. ఈ మఠాన్ని 2010 జనవరిలో దలైలామాయే ప్రారంభించారు. అదే నెలలో ఆయన దూతలు బీజింగ్‌లో చైనాతో తొమ్మిదో విడత చర్చలకి కూర్చున్నారు. 2002లో మొదలైన ఆ చర్చలు అక్కడితో ఆగిపోయాయి. టిబెట్‌కి వేరే దేశం అక్కర్లేదు, చైనాలోనే ఉంటూ నిజమైన స్వయంపాలన ఇస్తే చాలన్నది ఆయన చెప్పే మధ్యే మార్గం. మఠంలో సెల్ఫీలు దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

తిండికి ఢోకా లేదు. తుక్పా (నూడుల్స్ సూప్) బాగుంది, మోమోలు ఇంకా బాగున్నాయి. వెన్న, ఉప్పు వేసిన టీ మాత్రం బావగారు ఒక గుక్కతో పక్కన పెట్టేశారు. శ్రీకాకుళం మనిషి. దారంతా, ఆంధ్రా ఒడిశా రెండూ మావేననే కొఠియా 21 ఊళ్లూ మన ఆంధ్రావేనని నాతో, డ్రైవర్‌తో వాదించి, తీరా ఇక్కడికొచ్చి "చైనాతో రాజీ పడిపోవచ్చు కదమ్మా" అని టిబెటన్ హోటలావిడకి సలహా! ఆ మాట ఆవిడకి నేను ఒడియాలో చెప్పాను. ఆవిడ బొటనవేలితో మోమో అంచుకి మడతలు పెడుతూ, తలెత్తకుండానే, "మా పెద్దలు ఎప్పుడో సిద్ధం. అవతలివాళ్లు కూర్చోవాలిగా" అంది. టిబెట్‌కి తిరిగి వెళ్లాలని ఉందా అంటే నవ్వింది. "పుట్టింది ఇక్కడే. చూడని ఊరికి తిరిగి వెళ్లడమేంటి? మా అమ్మ అడిగేది ఆ మాట." బావగారు ఇంకో ప్లేటు చెప్పారు.

వెళ్తే వానలు తగ్గుముఖం పట్టాక వెళ్లండి, మొక్కజొన్న చేలు బాగుంటాయి. చలికాలంలో చాలామంది స్వెటర్లు అమ్ముకోవడానికి ఊళ్లకి పోతారు, హోటళ్లు కూడా కొన్ని మూసే ఉంటాయి. చేతిలో చిల్లర ఉంచుకోండి. దారిలో మోహన అనే ఊరు దాటాక మా ఫోన్లకి సిగ్నల్ సరిగా అందలేదు.