సైమా ఎస్107జీ: క్లాసులో ఎగరేసే హెలికాప్టర్

ఈ రిమోట్ బొమ్మ హెలికాప్టర్‌ను మా అబ్బాయి కోసం కొన్నాను కానీ, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే నాకే దీని అవసరం ఎక్కువైంది.

గాల్లో ఎంత నిలకడగా ఉంటుందో! పైన రెండు జతల రెక్కలు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి బాడీ గిర్రున తిరిగిపోదు. ఒక జత వేగం మారితే ముక్కు పక్కకు తిరుగుతుంది. అన్నిటికంటే పైన, చివర్లలో బరువులున్న కడ్డీ ఉంది చూడండి, అసలు పనితనం దానిదే. బాడీ ఒరిగినా, రెక్కలతో పాటు తిరిగే ఆ కడ్డీ తాను తిరిగే తలం వదలదు. చిన్న లింకుతో పై రెక్కల వాలు మార్చి బొమ్మను మళ్లీ నిటారుగా నిలబెడుతుంది. అమెరికన్ ఆవిష్కర్త ఆర్థర్ యంగ్ బెల్ 47 హెలికాప్టర్‌కు పెట్టింది ఇలాంటి కడ్డీనే. అమెరికాలో పౌర వినియోగానికి 1946లో అనుమతి పొందిన మొదటి హెలికాప్టర్ అది.

తోక ఫ్యాన్ మాత్రం పెద్ద హెలికాప్టర్లలోలా పక్కకు కాకుండా కిందికో పైకో గాలి కొడుతుంది. తోక లేస్తే ముక్కు వంగి ముందుకు పోతుంది. పక్కకు జరగడం దీనికి రాదు. పెద్ద హెలికాప్టర్లలో రెక్కల వాలును మార్చే పళ్లెం లాంటి భాగం, అంటే స్వాష్‌ప్లేట్ గురించి చెప్పాలంటే వేరే మోడల్ కావాల్సిందే.

రిమోట్ ఇన్‌ఫ్రారెడ్‌ది, ఎండలో సరిగా పనిచేయదు. గదిలో, సీలింగ్ ఫ్యాన్ ఆపి ఎగరేయండి. ఆసక్తి ఉన్న పిల్లలకు తప్పకుండా కొనివ్వండి.