పోస్ట్‌గ్రెస్ రో లెవెల్ సెక్యూరిటీ: చాలాకాలం వాడాక నా మాట

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఎవరికి ఏ రోలు (టేబుల్‌లోని వరసలు) కనపడాలో పాలసీలు అనే నియమాలతో కట్టడి చేసే ఫీచర్ ఇది. దీని మీద నాకున్న కోపం ఒక్కటే. చూపించను అనుకున్నప్పుడు ఆ ముక్క బయటికి చెప్పదు, సున్నా రోలు ఇచ్చేసి ఊరుకుంటుంది.

మాది డయాగ్నస్టిక్ సెంటర్ల వెబ్ యాప్. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మెహిదీపట్నం అన్నీ ఒకే డేటాబేస్, ఎవరి బ్రాంచి పేషెంట్లు వాళ్లకే కనపడాలి. 2016లో 9.5 వెర్షన్‌తో వచ్చిన ఈ ఫీచర్ సరిగ్గా ఇలాంటి పనికే, ప్రతి క్వెరీలో బ్రాంచి కండిషన్ రాసే బాధ పోయిందని కనపడినవాళ్లందరికీ చెప్పాను.

కొత్త సెర్చ్ పేజీ లైవ్‌కి వెళ్లాక దిల్‌సుఖ్‌నగర్ రిసెప్షన్ నుంచి ఫోన్, "సార్, పొద్దున శాంపిల్ ఇచ్చినావిడ రిపోర్ట్ కోసం ఎదురుగానే కూర్చుంది, పేరు కొడితే రికార్డులు లేవంటోంది" అని. లాగ్‌లోని క్వెరీని యథాతథంగా పీఎస్‌క్యూఎల్ అనే పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్‌లో వేస్తే రోలు చక్కగా వస్తున్నాయి! పేర్లలో స్పేసులు, టైమ్‌జోన్ తేడా, రెప్లికా (డేటాబేస్ కాపీ) వెనకబడిందా, అన్నీ చూశాం. చివరికి తేలిందేంటంటే పీఎస్‌క్యూఎల్‌లో లాగిన్ టేబుల్ ఓనర్‌ది, ఓనర్‌కి పాలసీలు వర్తించవు (ఫోర్స్ అని విడిగా పెడితే తప్ప), సూపర్‌యూజర్‌కైతే ఎప్పుడూ వర్తించవు, యాప్ వచ్చేదేమో వేరే రోల్‌తో, అంటే వేరే డేటాబేస్ యూజర్‌గా.

ఇక్కడ నాకు నిజంగా నచ్చిన సంగతి చెప్పాలి. యాప్ రోల్‌తోనే లాగినై రో_సెక్యూరిటీ అనే సెట్టింగ్ ఆఫ్ చేసి అదే క్వెరీ వేశాం. ఆఫ్ చేస్తే డేటా అంతా బయటపడుతుందేమో అని భయపడక్కర్లేదు, పాలసీ అడ్డొచ్చే క్వెరీ అయితే ఫలానా టేబుల్ అని పేరుతో సహా ఎర్రర్ ఇస్తుంది. అంత స్పష్టంగా చెప్పగలిగేది మామూలుగా ఎందుకు చెప్పదో!

కారణం ఏంటంటే పాలసీ పోల్చి చూసే బ్రాంచి కోడ్‌ని సెట్ లోకల్ అనే కమాండ్‌తో పెడతాం, అది ట్రాన్సాక్షన్ (ఒకే కట్టగా నడిచే క్వెరీలు) అయ్యేదాకానే ఉంటుంది, కొత్త పేజీ క్వెరీ ట్రాన్సాక్షన్ బయట నడుస్తోంది. కోడ్ నల్ అయినా ఖాళీ స్ట్రింగ్ అయినా ఏ రో మ్యాచ్ అవ్వదు. పాలసీలో ఆ కోడ్‌ని చదివే కరెంట్_సెట్టింగ్ ఫంక్షన్‌లో, కోడ్ లేకపోయినా ఎర్రర్ ఇవ్వొద్దని చెప్పే రెండో ఆర్గ్యుమెంట్ తీసేస్తే ఎర్రర్ వస్తుంది కదా అంటారు, కానీ మళ్లీ మళ్లీ వాడుకునే పూల్ కనెక్షన్‌లో ఒకసారి సెట్ లోకల్ వాడాక అక్కడ ఖాళీ స్ట్రింగే మిగులుతుంది, ఎర్రర్ రాదు. అందుకే కోడ్ ఖాళీగా ఉంటే ఎక్సెప్షన్ లేపే చిన్న ఫంక్షన్ రాసి పాలసీలో పెట్టాం.

తీసేయమని అనను, మా పేషెంట్ల వివరాలకి ఇప్పటికీ ఇదే కాపలా. కాకపోతే డేటాబేస్ వైపు చూసే మనిషి ఒక్కరైనా ఉన్న టీమ్‌కే చెప్తాను, ఒక్కరే అన్నీ చేసుకునే చిన్న యాప్ అయితే కోడ్‌లోనే కండిషన్ రాసుకోవడం నయమేమో.