విడివిడి ఇళ్ల వీధిలో 80 ఫ్లాట్లు: ఏళ్ల తరబడి పక్కనే ఉన్నాక సమీక్ష

నిశ్శబ్దంగా ఉండే వీధిలోకి పెద్ద అపార్ట్‌మెంట్ వస్తోందంటే అందరూ ముందు అడిగేది ఎన్ని అంతస్తులని. అభ్యంతర పత్రాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. ఆరంతస్తుల భవనానికి ఆనుకుని ఇన్నేళ్లు ఉన్నాక మా అంచనా వేరు. రోజూ ఇబ్బంది పెట్టేవి పై అంతస్తులు కావు, నేల మీదివి. గేటు ఎక్కడుంది, ర్యాంపు ఎలా దిగుతోంది, జనరేటర్ ఏ గోడ పక్కన పెట్టారు, వాన నీళ్లు ఏ పైపులో కలిపారు. ఇవన్నీ ప్లాను దశలో ఒక గీత జరిపితే తీరిపోయేవి. స్లాబులు పడ్డాక ఏదీ కదలదు.

ఎత్తు సంగతి తొందరగా తేలుతుంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉంటే 18 మీటర్ల భవనం నీడ 18 మీటర్లే, 30 డిగ్రీలకు దిగితే 31 మీటర్లు. ఉత్తరార్ధగోళంలో డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కావాలంటే 90లోంచి మీ అక్షాంశాన్నీ, ఇంకో 23.5నీ తీసేయండి. అక్షాంశం 17 అయితే 49.5 డిగ్రీలు వస్తుంది, 40 అయితే 26.5. అంటే అదే భవనానికి ఒకచోట 15 మీటర్ల నీడ, మరోచోట 36. భవనానికి ఉత్తరాన ఉన్నవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి, ముఖ్యంగా డాబా మీద సోలార్ ప్యానెళ్లుంటే. వరసగా కలిపిన ప్యానెళ్లలో ఒక్కదాని మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తీ పడిపోవచ్చు.

కిటికీలు ఎదురుబొదురుగా వస్తాయన్న భయం నిజమైనదే. బ్రిటన్‌లో ఎదురెదురు గదుల కిటికీల మధ్య 21 మీటర్లు ఉండాలని చాలాకాలంగా ఒక మోటు లెక్క వాడుతున్నారు. అంత ఎడం దొరకనిచోట భవనాన్ని తగ్గించమనే కన్నా, మీ వైపున్న కిటికీల అడుగు అంచు గది నేల నుంచి 1.7 మీటర్ల పైన ఉండాలని అడగడం మేలు. వెలుతురు వస్తుంది, చూపు రాదు. బాల్కనీలను వీధి వైపుకు తిప్పమనండి.

శబ్దం దగ్గర మీటరు చెప్పేదానికీ చెవికి తగిలేదానికీ చాలా తేడా. వాహనాలు రెట్టింపైతే సగటు శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. అందుకే బిల్డర్ తెచ్చే నివేదికలో ప్రభావం స్వల్పమని ఉంటుంది, అది అబద్ధమేమీ కాదు. కానీ నిద్ర చెడగొట్టేవి విడి చప్పుళ్లు. అర్ధరాత్రి ఇనుప గేటు పట్టా మీద దొర్లడం, వెనక్కి వచ్చే బండి బీప్‌మనడం, తెల్లవారుజామున చెత్త డబ్బాలు బండిలోకి గుమ్మరించడం. పడకగదిలో ఒక్కో చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో చెప్పింది. నివేదికలో ఈ గరిష్ఠ సంఖ్య ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. మా వీధిలో గేటు అరిగిన చక్రాలు మార్చి, అది వచ్చి కొట్టుకునే చోట రబ్బరు దిమ్మ బిగించాక ఆ చప్పుడు సమస్య ఒక్క పూటలో తీరింది. అంత చిన్న పనికి అన్ని నెలలు పట్టడం బాధగానే ఉంటుంది.

ఆగకుండా మోగే యంత్రాల లెక్క వేరు. దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ప్రహరీకి 3 మీటర్లలో ఉన్న జనరేటర్‌ను 12 మీటర్లకు జరిపితే 12 డెసిబెల్స్ పోతాయి. రెండు గోడల మధ్య సందులో ఇరికిస్తే మాత్రం ఈ లాభం రాదు, గోడలు శబ్దాన్ని అటూ ఇటూ కొడుతూనే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనే మోత 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట 100 హెర్ట్జ్‌లో వస్తుంది. అంత మంద్రమైన మోతను మామూలు కిటికీ అద్దం సరిగా ఆపలేదు. దూరమూ, దిమ్మె కింద రబ్బరు ప్యాడ్లూ తప్ప దానికి పెద్ద మందు లేదు.

ర్యాంపు రోడ్డును తాకే ముందు ఒక కారు పొడవున, కనీసం 5 మీటర్లు, సమంగా ఉండాలి. అది లేకపోతే సెల్లార్ నుంచి ఎక్కే కారు ముక్కు ఫుట్‌పాత్ మీదికి వచ్చాక గానీ నడిపేవాళ్లకు రోడ్డు కనపడదు. పిల్లలు సైకిళ్లు తొక్కే వీధిలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. గేటునూ అంతే లోపలికి జరపాలి, లేదంటే అది తెరుచుకునేదాకా వెనక బండ్లన్నీ వీధిలో నిలబడతాయి.

ఫ్లాటుకొక పార్కింగ్ అన్న హామీ కాగితం మీద బాగుంటుంది. విడిగా డబ్బు కట్టాలంటే కొందరు కట్టకుండా వీధిలో పెడతారు. స్తంభాల మధ్య ఇరుకు చోట్లు ఖాళీగానే ఉండిపోతాయి. ప్లాను మీద స్తంభం అంచు నుంచి అంచుకు కొలవండి. కారుకు 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, తిప్పుకోవడానికి దాదాపు 6 మీటర్ల దారి ఉండాలి. ఇక వీధి వెడల్పు 7 మీటర్లనుకుంటే, రెండు వైపులా కార్లు పెట్టాక మిగిలేది 3. ఫైరింజన్ వెడల్పే సుమారు 2.5 మీటర్లు, దూరుతుంది గానీ సిబ్బంది తలుపులు తీసి పైపులు దించడానికి చోటుండదు. అందుకే బ్రిటన్‌లో కనీసం 3.7 మీటర్ల దారి ఉంచమంటారు. ఒక వైపు మాత్రమే పార్కింగ్ అన్న గుర్తులు జనం చేరకముందే వేయించుకోవాలి. అలవాటు పడ్డాక మాన్పించడం కష్టం.

డ్రైనేజీ దగ్గర చాలామంది తప్పు చోట గురిపెడతారు. 80 ఫ్లాట్లకు 240 మంది, ఒక్కొక్కరికి 150 లీటర్లు అనుకుంటే రోజుకు 36,000 లీటర్లు. వినడానికి భయంకరంగా ఉంటుంది. అయితే సగటున అది సెకనుకు అర లీటరు కూడా కాదు, పొద్దున రద్దీ వేళ నాలుగింతలైనా 2 లీటర్ల లోపే. సుమారు 150కి 1 వాలులో శుభ్రంగా ఉన్న 150 మిల్లీమీటర్ల పైపు 12 లీటర్ల దాకా లాగుతుంది. మురుగుకు అది సరిపోతుంది. సరిపోనిది వానకు. 1,000 చదరపు మీటర్ల డాబా మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే సెకనుకు దాదాపు 14 లీటర్లు దిగుతాయి. ఆ నీళ్లు దించే డాబా గొట్టాలను మురుగు లైనులో కలిపేస్తే, పైపు నిండి పల్లంలో ఉన్న ఇంటి బాత్రూములోంచి వెనక్కి తన్నుతుంది. మా వీధిలో మ్యాన్‌హోల్ మూతలు లేచింది వాన రోజుల్లోనే, మిగతా రోజుల్లో కాదు. కాబట్టి డ్రైనేజీ ప్లానులో డాబా గొట్టాలు ఎక్కడ దిగుతున్నాయో వేలు పెట్టి చూడండి. విడి వాన కాలువ లేదా నీళ్లను నిలిపి మెల్లగా వదిలే తొట్టి ఉండాలి. మీ ఇల్లు పల్లంలో ఉంటే మీ కనెక్షన్‌కు, మురుగును వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోండి. దాన్ని తరచూ తెరిచి శుభ్రం చేయకపోతే చెత్త అడ్డుపడి మూసుకోదు.

సెల్లార్ తవ్వకం అసలైన ప్రమాదం. తవ్విన లోతుకు రెండింతల దూరం దాకా నేల కుంగే అవకాశం ఉంటుంది. 6 మీటర్ల గుంతకు 12 మీటర్లు. ఊట నీళ్లు తోడితే బంకమట్టి నేలల్లో అది ఇంకా దూరం పాకుతుంది. పని మొదలవకముందే ప్రతి గది గోడలనూ తేదీ పడేలా ఫోటోలు తీసి, ఉన్న పగుళ్ల రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత గీసి తేదీ రాసుకోవాలి. పక్కన స్కేలు పెట్టి వెడల్పు తీయాలి. 1 మిల్లీమీటరు లోపువి సాధారణంగా రంగు వేస్తే పోయేవి. 5 దాటితే, లేదా కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకుతుంటే ఇంజనీరును పిలవాల్సిందే. పైలింగ్ (పునాది స్తంభాలను నేలలోకి దించే పని) కంపనాలకు జర్మన్ ప్రమాణం డిఐఎన్ 4150 మామూలు ఇళ్ల పునాది దగ్గర, 10 హెర్ట్జ్ లోపు కంపనానికి, సెకనుకు 5 మిల్లీమీటర్ల హద్దు పెట్టింది. మీటరు మీ ఇంటి పునాది దగ్గర బిగించమనాలి, సైట్ ఆఫీసులో కాదు.

భయపడినవాటిలో కొన్ని రానేలేదు. కొత్త ముఖాల వల్ల దొంగతనాలు పెరుగుతాయన్నారు, మా దగ్గర అలాంటిదేమీ కనపడలేదు. రాత్రి వీధిలో నలుగురు తిరుగుతుండటం వయసు మళ్లినవాళ్లకు ధైర్యంగానే ఉంది. జనం పెరిగాక బస్సు తరచుగా వస్తోంది. ఇల్లు కావాల్సినవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, వాళ్ల రాకను అడ్డుకోవడం కోసం రాసే అభ్యంతరాలకు నేను సంతకం పెట్టను.

అభ్యంతరాల గడువు తక్కువగా ఉంటుంది కాబట్టి మొదట సైట్ ప్లాను, డ్రైనేజీ ప్లాను, సెల్లార్ ప్లాను నకళ్లు తెచ్చుకోండి. ఒక్కో కోరికకు షీటు నంబరు, కొలత రాయండి. బిల్డర్ మాటిచ్చినవి అనుమతి పత్రంలో షరతులుగా ఎక్కాయో లేదో ఒక్కొక్కటీ పోల్చి చూసుకోండి. భవనం ఫ్లాట్ల సంఘం చేతికి వెళ్లాక నోటి మాటను ఎవరూ ఒప్పుకోరు. జనరేటర్ ఎక్కడ ఉండాలో ఆ పత్రంలో ఉంటేనే జరపమని అడగగలం.