విజయనగరం అమెరికా చదువుల కన్సల్టెన్సీ: కాగితాలకు వెళ్లండి, కాలేజీల జాబితా మీరే రాసుకోండి

మూడు లాంతర్ల చుట్టుపక్కల ఎంఎస్‌కి పంపించే కన్సల్టెన్సీల్లో ఒకదాని పనితీరు ఇది.

కాగితాల పని శ్రద్ధగా చేస్తారు. జేఎన్‌టీయూ వాళ్లయినా, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ వాళ్లయినా ట్రాన్స్‌క్రిప్టులు ఎన్ని సెట్లు తీసుకోవాలో, ఏ కవరు సీలు విప్పకూడదో విడమరిచి చెబుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అప్లికేషన్ పెట్టకముందే సరిచేయించమంటారు. లేకపోతే ఐ-20లో, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో, పేరు ఒకలా, మార్కుల జాబితాలో ఇంకోలా ఉండి తర్వాత తిప్పలు. విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌కి కట్టే 350 డాలర్ల ఫీజు ఐ-20 చేతికొచ్చాకే, దాని మీది నంబరుతోనే కట్టిస్తారు. ఇందులో వంక పెట్టేదేమీ లేదు.

చిక్కంతా కాలేజీల జాబితా దగ్గరే. హోవర్డ్, మోర్గాన్ స్టేట్, నార్త్ కరోలినా ఏ అండ్ టీ అందులో ఉండవు. అడిగితే, "అవి నల్లవాళ్ల కాలేజీలండీ, మనోళ్లకెందుకూ" అంటారు. ఎంత అన్యాయమైన మాట! నల్లవారి కాలేజీ అన్నది 1964కి ముందు నల్లవారి చదువు కోసం పుట్టిన సంస్థలకు అమెరికా చట్టం ఇచ్చిన గుర్తింపు. చేరడానికి ఏ జాతివారికీ అడ్డు లేదు. హోవర్డ్‌కి 2025లో పరిశోధనలో అత్యున్నత శ్రేణి, ఆర్1, దక్కింది.

బానిసత్వం నాటి అమెరికా దక్షిణాదిలో చాలాచోట్ల నల్లవారికి చదవడం, రాయడం నేర్పితేనే నేరం. అంతర్యుద్ధం ముగిశాక, 1867లో హోవర్డ్, మోర్‌హౌస్, మోర్గాన్ మొదలయ్యాయి. ప్రభుత్వ కాలేజీల్లో నల్లవారిని చేర్చుకోండి, లేదా వారికి వేరే కాలేజీ పెట్టండి అని 1890 చట్టం రాష్ట్రాలకు షరతు పెట్టింది. ఏ అండ్ టీ 1891లో అలా వచ్చిందే. వ్యవసాయం, ఇంజినీరింగ్ అక్కడ మొదటినుంచీ బలం. 1960 ఫిబ్రవరి 1న ఆ కాలేజీ ఫస్టియర్ కుర్రాళ్లు నలుగురు గ్రీన్స్‌బరో వూల్‌వర్త్ దుకాణంలో, తెల్లవారికి మాత్రమే వడ్డించే బల్ల ముందు కూర్చున్నారు. వడ్డించకపోయినా లేవలేదు, మర్నాడు మరింతమందితో వచ్చారు. అంబేడ్కర్ 1946లో ఉత్తరం రాసిన నల్లజాతి మేధావి డుబోయిస్ కూడా ఇలాంటిదే అయిన ఫిస్క్ యూనివర్సిటీలో చదివినవాడే. అంబేడ్కర్ పేరున్న డిగ్రీ పట్టుకెళ్లిన పిల్లలకు ఈ కాలేజీల పేరే చెప్పకపోవడం మనసుకు కష్టంగా ఉంది.

కన్సల్టెన్సీలకు కమీషన్ ఇచ్చే యూనివర్సిటీలు ఉంటాయి. కౌన్సెలింగ్ ఉచితం అన్నచోట జాబితా ఎటు మొగ్గుతుందో చూసుకోవాలి.

కాబట్టి జాబితా పని మీరే చేయండి. డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి, మీ ప్రాజెక్టుకు దగ్గరగా పనిచేసే ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లను ఎంచుకోండి. ఒక్కొక్కరికీ విడిగా, వారి పేపరు చదివి, పది వాక్యాలు దాటకుండా మెయిల్ రాయండి. ఒకే మెయిల్ అందరికీ పంపితే జవాబు రాదు. అసిస్టెంట్‌షిప్, అంటే చదువుతూ డిపార్ట్‌మెంట్‌లో చేసే జీతం పని, దాని గడువు అడ్మిషన్ గడువుకన్నా ముందే ముగియవచ్చు, ఆ తేదీ విడిగా చూడండి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయనిస్తారు. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందికి వస్తుందో లేదో కూడా ముందే అడగండి. వస్తేనే ఓపీటీ, అంటే చదువు అయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలల పైన మరో 24 నెలలు దొరుకుతాయి.

వీసా ఇంటర్వ్యూకి వీళ్లు బట్టీ పట్టించే జవాబులు వద్దు. ఈ యూనివర్సిటీయే ఎందుకని అడిగితే ఆ ప్రొఫెసర్ పని గురించి మీ మాటల్లో చెప్పండి.

ఫీజు మాట్లాడుకునేటప్పుడే జాబితా మాదని, కాగితాల పనికి మాత్రమే డబ్బిస్తామని చెప్పి రసీదు మీద రాయించుకోండి.