లెట్స్ ఎన్‌క్రిప్ట్: 2017 నుంచి వాడుతున్నాను

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అంటే వెబ్‌సైట్లకు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లను, అంటే ఈ సైటు ఈ డొమైన్‌దేనని బ్రౌజరుకు చూపే రుజువును, ఉచితంగా ఇచ్చే సేవ. అంతకుముందు సర్టిఫికెట్‌ను డబ్బు కట్టి తెచ్చుకునేవాళ్లం. ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాంతో 2048 బిట్ల ప్రైవేటు కీ (రహస్య తాళంచెవి) చేసుకోవాలి, ఆ కీతో సీఎస్ఆర్ (సర్టిఫికెట్ కోసం పెట్టే అర్జీ ఫైలు) తయారు చేయాలి, దాన్ని జారీ సంస్థ ఫారంలో అతికించాలి, డొమైన్ మాదేనని ఈమెయిల్‌లో ఒప్పుకోవాలి. మొదటిసారి నేను సీఎస్ఆర్‌తో పాటు ప్రైవేటు కీని కూడా పంపేసి నాలిక కరుచుకున్నాను. ఎవరికీ చూపకూడనిది అదొక్కటే! ఆ కీ పారేసి అంతా మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ తతంగమంతా సర్ట్‌బాట్ అనే ప్రోగ్రాం చూసుకుంటుంది. సీఎస్ఆర్ పోలేదు, దాన్ని మనం చేత్తో చేయనక్కర్లేదు, అంతే. డొమైన్ మనదేనా అన్న పరీక్షకు అది సైటులో ఒక చిన్న ఫైలు పెడుతుంది, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు 80వ పోర్టు (మామూలు హెచ్‌టీటీపీ దారి) ద్వారా వచ్చి చదువుకుంటారు. నక్షత్రం గుర్తుతో అన్ని ఉపడొమైన్లకూ ఒకే సర్టిఫికెట్ కావాలంటే మాత్రం డీఎన్ఎస్‌లో (డొమైన్ పేర్ల పట్టికలో) టెక్స్ట్ రికార్డు పెట్టాల్సిందే. ఈ నక్షత్రపు సర్టిఫికెట్ సౌకర్యం 2018లో వచ్చింది.

గడువు 90 రోజులే అనగానే మొదట్లో విసుక్కున్నాను. కానీ నన్ను ఇబ్బంది పెట్టింది గడువు కాదు, నా ధీమా. ఒకరోజు పొద్దున్నే సైటు తెరిస్తే బ్రౌజరు హెచ్చరిక. లోపల చూస్తే కొత్త సర్టిఫికెట్ ఫైలు నెల క్రితమే వచ్చి భద్రంగా కూర్చుంది. సైటును నడిపే ఎన్‌జిన్ఎక్స్ సర్వర్‌ను రీలోడ్ చేయమని ఎవరూ చెప్పలేదు కాబట్టి అది జ్ఞాపకంలో ఉన్న పాతదాన్నే వడ్డిస్తోంది. నేను వాడుతున్నది పరీక్ష ఫైలును సైటు ఫోల్డరులో పెట్టి ఊరుకునే వెబ్‌రూట్ పద్ధతి, అందులో రీలోడ్ ఆదేశాన్ని మనమే డిప్లాయ్ హుక్‌గా (కొత్త సర్టిఫికెట్ రాగానే నడిచే ఆదేశంగా) ఇవ్వాలి. ఒక్క పంక్తి. అది నేను రాయలేదు.

ఇంకోసారి, అంతా హెచ్‌టీటీపీఎస్సే కదా అని 80వ పోర్టును ఫైర్‌వాల్‌లో మూసేశాను. పునరుద్ధరణ ఆగిపోయింది. కంగారులో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే, ఒక పేరుకు గంటలో ఐదు విఫల పరీక్షల పరిమితి దాటి తలుపు మూసుకుంది. ప్రయోగాలకు స్టేజింగ్ సర్వర్ వేరే ఉందని తెలిసీ వాడలేదు.

ఒక లోటు ఉంది. ఇక్కడ తేలేది డొమైన్ ఎవరి చేతిలో ఉందన్నది మాత్రమే. సంస్థ పేరును కూడా ధ్రువీకరించిన సర్టిఫికెట్ కావాలంటే వేరే చోటికి వెళ్లాలి. గడువు దగ్గరపడిందని పంపే ఈమెయిళ్లను కూడా 2025 జూన్‌లో ఆపేశారు. 2029 మార్చి 15 నుంచి బ్రౌజర్లు నమ్మే సర్టిఫికెట్లు ఎవరు జారీ చేసినా 47 రోజులు మించకూడదట, కాబట్టి డబ్బు కట్టేవాళ్లకూ చేత్తో చేసే పని ఇక సాగదు.

నేనైతే మారను. డిస్కులోని ఫైలును కాకుండా, బయటి యంత్రం నుంచి సర్వర్‌కు కనెక్టై అది నిజంగా చూపుతున్న సర్టిఫికెట్ తేదీని చదివే చిన్న స్క్రిప్టును రోజూ నడుపుతున్నాను. 20 రోజులకన్నా తక్కువ మిగిలితే ఫోను మోగుతుంది. ఇప్పటివరకు రెండుసార్లు మోగింది, రెండుసార్లూ తప్పు నాదే.