చేయని తప్పుకు చలానా: కట్టేయడమా, తేల్చుకోవడమా?

“బండి ఇంట్లోనే ఉంది, చలానా మాత్రం ఎప్పుడూ వెళ్లని కూడలిలో పడింది. ఆ కాస్త డబ్బు కోసం తిరగడం ఎందుకు, కట్టేస్తే పోదా?” అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. కట్టేయడం, వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయడం, లోక్ అదాలత్ దాకా ఆగడం, కోర్టులో వాదించడం: ఉన్న దారులు ఇవే. నా మొగ్గు ఫిర్యాదు వైపు. అయితే అది కూడా చలానాతో వచ్చిన ఫోటోను బట్టే.

అందరూ జరిమానా ఎంతో చూసి నిర్ణయం తీసుకుంటారు. చూడవలసింది ఫోటో. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో 167ఏ చేరింది. కెమెరా ఆధారంగా ఇచ్చే చలానాలో ఉల్లంఘన, నంబర్ ప్లేటు స్పష్టంగా కనిపించే ఫోటో ఉండాలని, తేదీ, సమయం, స్థలం, సెక్షన్ పేర్కొనాలని, చలానా తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలని అందులో ఉంది. అంటే మీకు పనికొచ్చే సాక్ష్యం ఇప్పటికే వాళ్ల దగ్గరే ఉంది. దాన్ని పెద్దది చేసి, ఆర్సీ పక్కన పెట్టి చూడండి.

పొరపాటు మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది, నంబరును తప్పుగా చదవడం. మట్టి పట్టిన ప్లేటు మీద 3 కాస్తా 8 అవుతుంది. ఆర్సీలో మీది స్కూటర్, ఫోటోలో ఉన్నది కారు. రెండోది, నంబరు అచ్చంగా మీదే కానీ బండి మీది కాదు. ఎవరో మీ నంబరు తగిలించుకుని తిరుగుతున్నారు. మూడోది, బండీ మీదే, మనిషీ మీరే, ఉల్లంఘన మాత్రం లేదు: నల్ల చొక్కా మీద సీటు బెల్టు కనిపించకపోవడం లాంటివి. మొదటిది తేలిక, మూడోది కష్టం, రెండోది ప్రమాదకరం.

ఆ రెండో రకంలో కట్టేయడమంత పొరపాటు లేదు. మీరు కట్టిన ప్రతిసారీ ఆ దొంగ నంబరు బండికి మీరే దారి ఖర్చు పెట్టినట్టు. పైగా జరిమానా కట్టడమంటే ఉల్లంఘన మీదేనని ఒప్పుకొని కేసు ముగించుకోవడమే. ఆ తర్వాత ఫిర్యాదు చేస్తే, మరి ఎందుకు కట్టారన్న ప్రశ్న వస్తుంది. అన్నిసార్లూ పోయేది డబ్బొక్కటే కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం హెల్మెట్ లేకపోతే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది.

ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. చలానా చూపించే అధికారిక వెబ్‌సైట్‌లోనే దానికి చోటు ఉంటుంది. అన్యాయం, వేధింపు అంటూ పేజీలు నింపకండి. “ఫోటోలోని వాహనం ఎర్ర కారు, నా ఆర్సీ ప్రకారం నాది నీలం స్కూటర్” అన్న ఒక్క వాక్యం, ఆర్సీ నకలు, మీ బండి ముందు వెనుకల ఫోటోలు చాలు. చదివే ఉద్యోగి రెండు చిత్రాలు పక్కపక్కన చూసి తేల్చగలగాలి. దొంగ నంబరు అనుమానం ఉంటే ముందు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకుని, దాన్నీ జతచేయండి. రేపు ఆ బండి ప్రమాదం చేస్తే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితమే.

ఈ దారిలో లోపం ఒకటే, జవాబు రాకపోవడం. అప్పుడు ఫిర్యాదు సంఖ్యతో, ముద్రించిన ఫోటోలతో ట్రాఫిక్ పోలీసుల చలానా విభాగానికి నేరుగా వెళ్లాలి. అయితే చలానా వర్చువల్ కోర్టుకు, అంటే చలానా కేసులను ఆన్‌లైన్‌లో చూసే కోర్టుకు, చేరకముందే వెళ్లడం మంచిది. కేసు అక్కడికి చేరితే రద్దు చేయడం పోలీసుల చేతిలో అంత సులువుగా ఉండదు.

లోక్ అదాలత్ కోసం ఎదురుచూసేవాళ్లకు తగ్గింపు మీద ఆశ. తెలంగాణలో 2023 డిసెంబరులో ద్విచక్ర వాహనాల పాత చలానాలకు ప్రభుత్వమే 80 శాతం తగ్గించింది కాబట్టి ఆ ఆశ సహజమే. కానీ లోక్ అదాలత్ రాజీ వేదిక. అక్కడ ఎవరిది తప్పో విచారించరు. కుదిరిన రాజీ మీద అప్పీలు కూడా ఉండదు. నిజంగా సిగ్నల్ దాటినవాళ్లకు అది మంచి అవకాశం. చేయని తప్పుకు సగం కట్టినా కట్టినట్టే.

ఇక కోర్టు. వర్చువల్ కోర్టు వెబ్‌సైట్‌లో కట్టడానికీ, వాదించడానికీ వేర్వేరు మీటలు ఉంటాయి. రెండోది నొక్కితే కేసు ఆ పరిధిలోని మామూలు కోర్టుకు వెళుతుంది. ఓడినవాడు కోర్టులో, గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు. ఫిర్యాదు తిరస్కరించారు, లైసెన్సుకు ముప్పుంది అన్నప్పుడే అటు వెళ్లండి. మూడో రకం పొరపాటుకు ఒక్కోసారి అదే గతి.

అమ్మేసిన బండికి వచ్చే చలానా గురించీ అడుగుతున్నారు. ఆర్సీలో ఇంకా మీ పేరే ఉంటే అది పొరపాటు చలానా కాదు, బదిలీలో జాప్యం. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఆ పని జరిగిందో లేదో చూసుకుని, అమ్మకం పత్రం చేతిలో పెట్టుకుని కొన్నవారిని పట్టుకోండి.