ఆరేళ్ల వాడకం తర్వాత టెక్స్చర్ గోడలు: ఏది నిలిచింది, ఏది విసిగించింది

హాల్లో టీవీ వెనక మెటాలిక్ గ్లేజు (లోహంలా మెరిసే పలచని పూత), పడగ్గదిలో రోలర్ టెక్స్చర్ (రోలర్‌తో దొర్లించిన గరుకు పేస్టు), డైనింగ్ పక్కన తాపీతో వేసిన గరుకు టెక్స్చర్. హైదరాబాద్ కొండాపూర్‌లో ఒకే ఫ్లాటు, మూడూ ఒకే నెలలో వేసినవే. ఆరేళ్లకు మూడూ మూడు దారులు పట్టాయి. అందం గ్లేజుది, మన్నిక రోలర్‌ది. గరుకు గోడ ఇంకోసారి వేయించేది లేదు.

ముందు ఆ గరుకు గోడ సంగతే. పదడుగులకు పదడుగుల గోడ 25 కిలోల టెక్స్చర్ పేస్టు బకెట్ మొత్తం తాగేసింది, మందం ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా వచ్చింది. ఇంత బరువుకు లప్పం (గోడ నున్నన కోసం పూసే పుట్టీ) సరైన ఆధారం కాదు. ఉప్పు కాగితంతో నున్నగా రుద్దిన లప్పం మీద పేస్టుకు పట్టు దొరకదు. కుర్చీ వీపు తగిలితే చాలు, లప్పంతో సహా అప్పడంలా లేచి వస్తుంది. గుంటలు మాత్రం పూడ్చి, ప్లాస్టరింగ్ మీద నేరుగా ప్రైమర్ కొట్టి పేస్టు పట్టించాలి. మేస్త్రీలు అలవాటుగా రెండు పూతల లప్పం కూడా చదరపు అడుగు లెక్కలో కలిపేస్తారు. ఈ గోడకు అది దండగ, పైగా నష్టం.

పేస్టు పట్టించాక పది, పదిహేను నిమిషాలాగి, తడి తాపీతో మొనల తలలు మెల్లగా అణచాలి. ఇది వదిలేస్తే ఆ గోడ మోచేతులు గీరుతుంది, తుడిచే గుడ్డ పోగులు లాగేస్తుంది. ఇక దుమ్ము. చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక టవర్ లేస్తూనే ఉండే పేటలో గరుకు గోడంటే నిలువుగా నిలబెట్టిన దుమ్ము అర. పైన నీటి ఆధారిత క్లియర్ కోటు (రంగులేని రక్షణ పూత) రెండుసార్లు వేస్తే వాక్యూమ్ బ్రష్షుకు దుమ్ము వస్తుంది. వేయకపోతే రంగులోనే ఇంకిపోతుంది.

స్విచ్‌బోర్డు దగ్గర ఇంకో చిక్కు. గరుకు మీద ప్లేటు సమంగా కూర్చోదు, సందుల్లోంచి చీమలు. ప్లేటు సైజుకు అర అంగుళం బయటి దాకా మాస్కింగ్ టేపు వేసి, పేస్టు పచ్చిగా ఉండగానే పీకేయాలి. ఎండాక పీకితే అంచు చిరుగుతుంది. అప్పుడు బ్లేడుతో గీత పెట్టి తీయడమే గతి.

రోలర్ టెక్స్చర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్ప. అంతే గోడకు 12 కిలోలు సరిపోయాయి. మేకు దిగిన చోట పేస్టు పెట్టి చిన్న రోలర్ దొర్లిస్తే అతుకు కనపడలేదు.

గ్లేజు కథ వేరు. అది పలచని పొర. పని గోడది కాదు, చేతివేగానిది. కింద బేస్ కోటు (అడుగు రంగు) శాటిన్, అంటే కాస్త మెరుపుదే కావాలి. మెరుపు లేని మ్యాట్ అయితే గ్లేజును పీల్చేసుకుంటుంది, గీతలు దించే పెయింటు దువ్వెన జారదు, మరకలు పడతాయి. ఇద్దరు మనుషులు తప్పనిసరి: ఒకరు మూడడుగుల పట్టీ పూస్తుంటే, రెండోవారు వెనకే దువ్వెనో గుడ్డో ఆడించాలి. పట్టీ అంచు ఆరకముందే తర్వాతి పట్టీ కలవాలి. మే నెలలో ఫ్యాన్ కింద వేస్తే ఆ అంచు నిమిషాల్లో ఆరిపోయి, రెండు పొరలు కలిసిన చోట నిలువు చార మిగులుతుంది. తర్వాత ఏం చేసినా పోదు. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, పొద్దున్నే మొదలుపెట్టి మూల నుంచి మూల దాకా ఒకే ఊపులో ముగించాలి. టీకి ఆగాలంటే మూల దగ్గరే. రంగంతా ముందే ఒకే బకెట్‌లో కలుపుకోవాలి. రెండో డబ్బా షేడు ఎంతో కొంత తేడా కొడుతుంది.

ఈ గోడకు టచప్ ఉండదు. సోఫా రాసుకున్న చోట చెయ్యెడు మరక దిద్దితే, సాయంత్రం లైటు వెలగ్గానే అది అతుకేసిన చొక్కాలా కనపడింది. చివరికి గోడ మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చింది. లైటు గోడను రాసుకుంటూ పడేలా సీలింగ్ అంచున ఎల్‌ఈడీ పట్టీ పెడితే గ్లేజు బంగారంలా లేస్తుంది, నిజమే. ప్లాస్టరింగ్‌లోని అలలు కూడా అంతే స్పష్టంగా లేస్తాయి.

మూడింటికీ కలిపి శత్రువు చెమ్మ. డైనింగ్ గోడకు అవతల బాత్రూమ్ ఉంది. రెండో వానాకాలానికి కింది రెండడుగుల్లో తెల్లటి ఉప్పు పొంగి పొక్కులొచ్చాయి. మామూలు పెయింట్ అయితే మరక ముందే చెప్పేది. మందపాటి టెక్స్చర్ ఊడిపోయేదాకా దాచిపెట్టింది. మొదలుపెట్టే ముందు అడుగు చదరం పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదలండి. వెనక నీటి చుక్కలు కనపడితే ముందు ప్లంబర్ పని. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులకు ముందు ముట్టుకోవద్దు.

గరుకు గోడను తిరిగి నున్నగా చేయడానికి రెండే దారులు: గ్రైండర్‌తో గీకి ఇల్లంతా దుమ్ము చేసుకోవడం, లేదా మూడు నాలుగు పూతల లప్పంతో పూడ్చడం. మా చెమ్మ పట్టిన భాగానికి రెండోది పనికిరాలేదు, ప్లాస్టరింగ్ దాకా చెక్కించాం. ఇప్పుడక్కడ ఉన్నది మామూలు వాష్ చేసుకునే పెయింట్.